విజయాదేవి ఇచ్చే నిద్ర

రాత్రి ప్రసారం ముగించి ఇంటికి చేరిన మనిషికి నిద్ర వెంటనే రాదు. ఈ సంగతి మా వృత్తిలో ఉన్నవారందరికీ అనుభవమే. పదకొండు దాటిన తరువాత స్టూడియో తలుపుమీది ఎర్రదీపం ఆరుతుంది. మైకు ముందు కూర్చున్న మనిషి లోపలి దీపం మాత్రం అంత త్వరగా ఆరదు. ఇల్లు చేరేసరికి పన్నెండవుతుంది. ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు. తానొక్కడే పక్కమీద దొర్లుతూ, వార్తలలో వచ్చిన ఒక ఊరిపేరు సరిగా పలికామా లేదా అని చింతిస్తూ ఉంటాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఆ మాట నిద్ర వచ్చేవారిని గూర్చి అన్నది. రానివారికి ఊరివాళ్ళు చెప్పేవి చిట్కాలు. ఒకరు గోరువెచ్చని పాలు తాగమంటారు. ఒకరు అరికాళ్ళకు ఆముదం రాయమంటారు. ఒకరు వెయ్యినుంచి వెనక్కు లెక్కపెట్టమంటారు. వీటిలో చాటుగా, గొంతు తగ్గించి చెప్పుకొనేది ఒకటున్నది. అది పడుకోబోయే ముందు కాస్త గంజాయి పీల్చడం, లేదా భంగు ఉండ ఒకటి మింగడం. ఆ చిట్కా నిద్రకు ఏమి చేస్తున్నది, గుండెకు ఏమి చేస్తున్నది అన్నదే ఈ ప్రసంగంలో మేము ముచ్చటించదలచిన విషయం.

మాతోపాటు పనిచేసిన అనౌన్సరుగారొకరు ఉండేవారు. మాకంటె పన్నెండేండ్లు పెద్దవారు కనుక 'అన్నగారూ' అని పిలిచేవాళ్ళం. గంభీరమైన కంఠం. మూడవ ప్రసారం ఆయన గొంతుతో ముగియకపోతే ఏదో వెలితిగా ఉండేది. ఇరవై ఏండ్లు రాత్రి డ్యూటీలు చేసిన మీదట ఆయనకు నిద్ర పాడైంది. కొన్నాళ్ళు కళ్ళకింద నలుపుతో తిరిగారు. తరువాత ఉన్నట్టుండి మొగం తేటపడింది. క్యాంటీనులో టీ తాగుతూ కారణమేమిటని అడిగాము. "నిద్రాదేవి పిలిస్తే రావడం లేదోయ్. అందుకని విజయాదేవిని పిలుస్తున్నాను" అన్నారు నవ్వుతూ. విజయ అనేది ఆయుర్వేద నిఘంటువులలో భంగుకు ఉన్న పేరు. సంస్కృతం చదువుకున్న మనిషి. ఆ చమత్కారానికి మేమూ నవ్వాము. ఇంటికి వెళ్ళి, డాబామీద నిలబడి, సిగరెట్టులో గంజాయి కలిపి పీల్చి, పావుగంటలో పక్క చేరేవారట. "తల దిండుమీద పెడితే చాలు, తెల్లవారిపోతున్నది. కలలు కూడ రావు" అన్నారు. ఆ చివరి మాట మాకప్పుడు గొప్ప వరంలాగా తోచింది. దాని అర్థం ఏమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఇది ఒక్కరి ముచ్చట కాదు. కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వశాఖ పక్షాన ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ జరిపిన సర్వే 2019లో వెలువడింది. 10 ఏండ్లనుంచి 75 ఏండ్ల వయసువారిలో నూటికి 2.8 మంది, అనగా సుమారు 3 కోట్ల 10 లక్షలమంది, అంతకు ముందటి 12 నెలలలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినట్లు అందులో తేలింది. వీరిలో భంగు వాడినవారే అధికం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మొక్క యొక్క పూత, కాపు ఉన్న కొసలను గంజాయి అన్నది. కొసలనుంచి విడిగా ఉన్న ఆకును, గింజను ఆ నిర్వచనంలో చేర్చలేదు. అందువల్ల కాశీలో ప్రభుత్వ అనుమతి గల దుకాణంలో భంగు కొనవచ్చును. గంజాయి దగ్గర ఉంచుకొంటే మాత్రం అది నేరం. మొక్క ఒక్కటే, మత్తు ఒక్కటే. చట్టం దృష్టిలో పుట్టుక వేరు. శరీరానికి ఈ చట్టం తెలియదు.

ఈ మొక్కను మన పూర్వులు ఎరుగనిది కాదు. శార్ఙ్గధర సంహితలో 'వ్యవాయి' అనే ఒక ద్రవ్యలక్షణం చెప్పబడింది. మామూలు ఆహారం ముందు జీర్ణమై తరువాత ఒంటికి పడుతుంది. వ్యవాయి ద్రవ్యం అట్లా కాదు. ముందు ఒళ్ళంతా వ్యాపించి, ఆ తరువాతనే జీర్ణానికి వస్తుంది. దానికి ఆ గ్రంథకర్త ఇచ్చిన ఉదాహరణలు రెండు: భంగు, నల్లమందు. ఇది ఆరేడు వందల ఏండ్ల క్రిందటి పరిశీలన. జాతీఫలాది చూర్ణంవంటి యోగాలలో శుద్ధి చేసిన భంగు ఆకు నేటికీ చేరుతుంది. అయితే వైద్యుడు కొలిచి ఇచ్చే మోతాదు వేరు, డాబామీద చీకటిలో కలుపుకొనే చిటికెడు వేరు.

పాశ్చాత్య వైద్యానికి దీనిని పరిచయం చేసినవాడు కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడుగా ఉండిన ఓషానెస్సీ అనే ఐరిష్ వైద్యుడు. 1839 ప్రాంతాన ఆయన జంతువులమీద, రోగులమీద దీనిని పరీక్షించి, కీళ్ళనొప్పులకు, ధనుర్వాతానికి ఎట్లా పనిచేస్తున్నదో వ్రాశాడు. మా వృత్తివారికి ఆయనమీద మరొక అభిమానం కూడ ఉన్నది. ఈ దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించినవాడూ ఆయనే. తీగమీద మాటను పంపిన మనిషికి, తీగ లేకుండా పంపే మేము వారసులమే కదా!

తరువాత 1893లో ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. ఏడుగురు సభ్యులు దేశమంతా తిరిగి, వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, 1894లో పెద్ద నివేదిక సమర్పించారు. మితంగా వాడితే చెప్పుకోదగిన కీడు లేదని, అతిగా వాడితే హాని అని దాని సారాంశం. ఈ అలవాటును సమర్థించేవారు నేటికీ ఈ నివేదికను పైకి తీస్తారు. నివేదిక నిజాయితీగానే వ్రాయబడింది. అయితే గుండె నడకను కాగితంమీద గీసి చూపే యంత్రాన్ని డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్ ఆస్పత్రులకు అందించినది ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో. నిద్రపోతున్న మనిషి మెదడు ఏ గంటలో ఏమి చేస్తున్నదో చూసే పద్ధతి ఇంకా తరువాతిది. ఆ రెండూ లేని కాలంలో, మంచి మనసుతో అడిగిన ప్రశ్నలకు దొరికిన జవాబులవి. పైగా మొక్క కూడ మారింది. అమెరికాలో పోలీసులకు పట్టుబడిన గంజాయిలో మత్తునిచ్చే పదార్థం 1995లో నూటికి 4 పాళ్ళుంటే, 2021 నాటికి 15 పాళ్ళకు పెరిగింది. తాతల నాటి చిలుమును చూపి నేటి చిలుముకు పూచీ పడడం సాధ్యం కాదు.

ఆ మత్తు పదార్థాన్ని వేరు చేసి దాని నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గవోని, మెకూలం తేల్చారు. దాని పేరు టెట్రాహైడ్రోకన్నాబినాల్. పొడి అక్షరాలలో టి.హెచ్.సి. అంటారు. ఎక్కడో మొక్కలో పుట్టిన పదార్థానికి మన మెదడు ఎందుకు లొంగుతున్నది? ఆ ప్రశ్నకు జవాబు తరువాతి దశాబ్దాలలో దొరికింది. ఈ తాళపుచెవికి సరిపోయే తాళాలు మన శరీరంలోనే ఉన్నాయి. శరీరం తన అవసరానికి స్వయంగా ఇటువంటి పదార్థాన్ని స్వల్పంగా తయారు చేసుకొంటుంది. 1992లో మెకూలం బృందం దానిని కనుగొని, సంస్కృతంలోని 'ఆనంద' శబ్దాన్ని తీసుకొని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. మన అనౌన్సరుగారు వింటే సంతోషించేవారే. అయితే ఆ తాళాలు మెదడులో మాత్రమే లేవు. గుండె కండరంలోను, రక్తనాళాలలోను కూడ ఉన్నాయి. మనిషి నిద్రగది తలుపు తెరుద్దామనుకొంటాడు. ఆ చెవి ఇంటిలోని మిగతా తలుపులను కూడ తెరుస్తుంది.

ముందు నిద్ర మాట చూద్దాం. రాత్రి అంతా నిద్ర ఒక్క తీరుగా ఉండదు. సుమారు తొంభై నిమిషాలకొక ఆవృత్తిగా, రాత్రికి నాలుగైదు ఆవృత్తులు నడుస్తాయి. ప్రతి ఆవృత్తిలోను పలుచని నిద్ర, గాఢనిద్ర, చివర కలల నిద్ర. ఈ కలల నిద్రలో మూసిన రెప్పలకింద కనుగుడ్లు గబగబా కదులుతాయి. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో ఏసరిన్‌స్కీ, క్లైట్మన్ అనేవారు దీనిని లోకానికి వెల్లడి చేశారు. పగటి అనుభవాలను సర్దుకొనడానికి, మనసులోని బరువును దించుకొనడానికి ఈ దశ అవసరమని ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

గంజాయి పీల్చిన కొత్తలో నిద్ర త్వరగా వచ్చే మాట నిజమే. దీనిని కాదంటే శ్రోతలలో అనుభవజ్ఞులు మమ్మల్ని నమ్మరు. దొర్లే సమయం తగ్గుతుంది. గాఢనిద్ర కొంత పెరగవచ్చును కూడ. తగ్గేది కలల నిద్ర. అన్నగారు 'కలలు కూడ రావు' అన్నది దీనినే. వరమనుకొన్నది కోత. ఆపైన శరీరం మందుకు అలవాటు పడుతుంది. కొన్ని వారాలకు పాత మోతాదు చాలదు. మొదట్లో లాభించిన గాఢనిద్ర కూడ క్రమంగా పలచబడుతుంది. అప్పుడు మనిషి ఒకనాడు మానుదామని ప్రయత్నిస్తాడు. అసలు చిక్కు అక్కడ వస్తుంది. మానిన ఒకటి రెండు రోజులకే నిద్ర పూర్తిగా పోతుంది. చిరాకు, చెమటలు పడతాయి. అణచిపెట్టిన కలలన్నీ గట్టు తెగిన చెరువులాగా వచ్చి పడతాయి. మొదటివారం గడ్డుగా ఉంటుంది. మిగతా బాధలు రెండు వారాలలో తగ్గినా, నిద్ర కుదుటపడడానికి కొందరికి నెల దాటుతుంది. ఆ మనిషి ఏమనుకొంటాడు? 'చూశారా, అది లేనిదే నాకు నిద్ర పట్టదు' అనుకొంటాడు. మందు తెచ్చిన బాధను మందు అవసరానికి సాక్ష్యంగా తీసుకొంటాడు. వడ్డీ వ్యాపారి దగ్గర ఇరుక్కొన్న రైతు కథ ఇటువంటిదే. అప్పు తీర్చడానికి మళ్ళీ అదే గుమ్మానికి వెళతాడు, పత్రం తిరగరాస్తారు, ఋణం మాత్రం అట్లాగే ఉంటుంది.

అమెరికాలో 2005నుంచి 2018వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలలోని 21,729 మంది వివరాలను పరిశీలించి 2021లో ఒక పత్రం ప్రకటించారు. ఆ మధ్యకాలంలో గంజాయి వాడినవారిలో, వాడనివారితో పోల్చితే, ఆరు గంటలకంటె తక్కువ నిద్రపోయే అవకాశం నూటికి 34 పాళ్ళు, తొమ్మిది గంటలకు మించి నిద్రపోయే అవకాశం నూటికి 56 పాళ్ళు ఎక్కువగా కనబడింది. నిద్ర చెడినవారే గంజాయిని ఆశ్రయిస్తున్నారేమో అని అడగవచ్చును. సబబైన ప్రశ్నే. అట్లా అయినా, ఆశ్రయించిన తరువాత వారి నిద్ర చక్కబడినట్లు ఆ లెక్క చెప్పడం లేదు. ఏడునుంచి తొమ్మిది గంటల సరియైన నిద్రను గుండె ఆరోగ్యానికి కావలసిన ఎనిమిది అంశాలలో ఒకటిగా అమెరికా హృదయ సంఘం 2022లో చేర్చింది. తక్కువైనా, మితిమీరినా గుండెకు మేలు కాదు.

ఇక గుండె. బండి తోలేవాని చేతిలో ముల్లుగర్ర ఒకటి, పగ్గం ఒకటి ఉంటాయి. మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడులలోను అట్లాగే రెండు జట్లున్నాయి. ఒక జట్టు గుండెను అదిలిస్తుంది, రెండవది నిదానిస్తుంది. గాఢనిద్రలో పగ్గం బిగుతుంది. నాడి నెమ్మదిస్తుంది, రక్తపు పోటు పగటికంటె నూటికి 10నుంచి 20 పాళ్ళు దిగుతుంది. పగలంతా మోతమోసిన గుండెకు దొరికే సెలవు అదొక్కటే.

గంజాయి ఇక్కడ చేసే పని చాలామందికి తెలియదు. అది ముల్లుగర్రను పైకెత్తి పగ్గాన్ని వదులు చేస్తుంది. పొగ పీల్చిన కొద్ది నిమిషాలలోనే నాడివేగం హెచ్చుతుంది. పదిహేనునుంచి ముప్ఫై నిమిషాలలో అది శిఖరానికి చేరుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకొనే గుండె 100 దాటడం సామాన్యం; కొందరిలో రెట్టింపు దాకా పోతుంది. తగ్గడానికి రెండు మూడు గంటలు పట్టవచ్చును. పడుకొని ఉన్నప్పుడు రక్తపు పోటు పెరుగుతుంది. చటాక్కున లేచి నిలబడితే ఒక్కసారిగా పడిపోతుంది. అర్ధరాత్రి దొడ్డికి లేచిన వృద్ధులు కళ్ళు తిరిగి పడడానికి ఇదొక దారి. అంతేకాక, ఏ ఆకు కాల్చినా పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీటను ఆక్రమిస్తుంది. అనగా గుండె పరుగెత్తుతున్నది, దానికి అందవలసిన ప్రాణవాయువు తగ్గుతున్నది.

అన్నగారి లెక్క మళ్ళీ గుర్తుకు తెచ్చుకొనండి. డాబామీద పీల్చడం, పావుగంటలో పక్క చేరడం. సరిగా ఆ పావుగంటకే గుండె తన పరుగు శిఖరంలో ఉంటుంది. మనసుకు ప్రశాంతి అనిపిస్తున్న నిమిషమూ, గుండెకు అన్నిటికంటె కష్టమైన నిమిషమూ ఒక్కటే. మనసు సుఖంగా ఉన్నదని చెప్పే వార్తను నమ్మి మనిషి కళ్ళు మూసుకొంటాడు. లోపల మరొక కేంద్రంనుంచి వేరొక వార్త ప్రసారమవుతూనే ఉంటుంది, వినేవాడు నిద్రపోయాడు.

నీరోగి అయిన యువకుడు ఈ పరుగును సాధారణంగా తట్టుకొంటాడు. రక్తనాళం సన్నబడినవారి సంగతి వేరు. 1974లో అమెరికాలో పది మంది రోగులమీద ఒక పరీక్ష జరిగింది. వారందరూ శ్రమపడితే ఛాతీనొప్పి వచ్చేవారే. మత్తు పదార్థం తీసివేసిన గంజాయి సిగరెట్టు పీల్చినప్పుడు, వ్యాయామంలో నొప్పి వచ్చే సమయం నూటికి 9 పాళ్ళు ముందుకు జరిగింది. మత్తు ఉన్న సిగరెట్టు ఒక్కటి పీల్చినప్పుడు 48 పాళ్ళు. అంటే పది నిమిషాలు నడవగలిగినవాడు అయిదారు నిమిషాలకే ఛాతీ పట్టుకొన్నాడన్నమాట.

2001లో మిటిల్‌మన్, ఆయన సహచరులు గుండెపోటు వచ్చి బ్రతికిన 3,882 మందిని ప్రశ్నించి ఒక పత్రం ప్రకటించారు. పొగ పీల్చిన తరువాతి గంటసేపు గుండెపోటు ప్రమాదం మామూలు వేళకంటె 4.8 రెట్లని తేల్చారు. ఈ అంకెను పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. అయితే ఆ గంటలోపల పీల్చినవారు వారిలో తొమ్మిదిమందే. తొమ్మిదిమందిమీద కట్టిన అంకెను మరీ బిగించి పట్టుకోరాదు. అందుకే మేము 2024లో వచ్చిన మరొక అధ్యయనాన్ని కూడ చూశాము. అందులో 4 లక్షల 34 వేలమంది ఉన్నారు. రోజూ గంజాయి వాడేవారిలో గుండెపోటు నూటికి 25 పాళ్ళు, పక్షవాతం 42 పాళ్ళు అధికంగా ఉన్నాయి. పొగాకు ఎన్నడూ ముట్టనివారిలో కూడ ఈ తేడా కనిపించింది. ఇది వారు స్వయంగా చెప్పిన వివరాలమీద ఆధారపడిన లెక్క. కలిసి కనబడడం వేరు, కారణమని రుజువు కావడం వేరు. అయినా పదిమంది మీది పరీక్ష, వేలమంది మీది విచారణ, లక్షలమంది మీది సర్వే మూడూ ఒకే దిక్కు చూపుతున్నప్పుడు, గుండె జబ్బు ఉన్నవాడు ఎదురు దిక్కుకు నడవడం సాహసమే.

పొగ వద్దని భంగు మింగేవారు తాము భద్రమనుకొంటారు. పొగ లేకపోవడం కొంత మేలే. కాని మింగినది పనిచేయడానికి అరగంటనుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ ఎక్కలేదని రెండో ఉండ మింగుతారు. ఈలోగా కాలేయం మొదటి ఉండలోని పదార్థాన్ని మార్చి మరింత బలమైన రూపంలో రక్తంలోకి వదులుతుంది. రెండూ కలిసి నడిరాత్రి పైకి వస్తాయి. దాని ఉద్ధృతి ఆరు గంటలో, ఆపైనో నిలుస్తుంది. అంటే గుండెకు సెలవు దొరకవలసిన గంటలన్నీ దాని కిందికే పోతాయి. హోలీ నాటి పానీయం సంవత్సరానికొకసారి. ప్రతి రాత్రి ఉండ సంవత్సరానికి మూడువందల అరవై అయిదుసార్లు.

మరొక సంగతి. గట్టిగా గురకపెట్టి, మధ్య మధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ పీల్చేవారిని మీరు చూసే ఉంటారు. ఇటువంటివారికి ఎన్ని గంటలు పడుకొన్నా నిద్ర తీరదు. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తపు పోటు ఎగబాకుతుంది. తమకు నిద్రలేమి ఉన్నదని వీరు పొరబడి మత్తును వెదుకుతారు. ఊపిరి జబ్బుకు గంజాయి మందులను వాడరాదని అమెరికా నిద్రావైద్యుల సంఘం 2018లో స్పష్టంగా ప్రకటించింది. ఇటువంటి మనిషిని తట్టి లేపి వైద్యుని దగ్గరకు పంపగలిగినది పక్కమీద ఉన్న ఇల్లాలే; తన గురక తనకు వినపడదు కదా.

ఏడేండ్ల క్రిందట ఒక రాత్రి పన్నెండున్నరకు మా ఇంటి ఫోను మోగింది. అన్నగారి భార్య. "ఆయనకు ఛాతీలో పట్టేసినట్టున్నదట, తమ్ముడుగారూ. చెమటలు పోస్తున్నాయి" అన్నారు. ఆటోలో ఒక ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. చిన్నవయసు డాక్టరుగారు వచ్చి ప్రశ్నలడిగారు. మధుమేహం ఉన్నదా? ఉన్నది. సిగరెట్టు? రోజుకు రెండో మూడో. మద్యం? లేదు. "మరేదైనా అలవాటు ఉన్నదా?" అన్నగారు తల అడ్డంగా ఊపారు. వదినగారు మావైపు చూశారు. మేము గోడమీది గడియారంవైపు చూశాము.

ఆ చూపు మాకు ఇప్పటికీ గుర్తున్నది. నాడి 120 దాటి కొట్టుకొంటున్నది. ఆ వేగానికి కారణమేమిటని వైద్యులు ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షలు చేస్తున్నారు. కారణం తెలిసిన ముగ్గురమూ మౌనంగా ఉన్నాము. ఆయనకు పరువు అడ్డం. వదినగారికి భర్తమాట అడ్డం. మాకేమి అడ్డమో ఇప్పటికీ సరిగా చెప్పలేము. ప్రభుత్వోద్యోగం, చట్టం, పోలీసులు, ఇవన్నీ లీలగా మెదిలాయి కాబోలు. మాటలే జీవనాధారంగా గల మనిషి మాట్లాడవలసిన చోట నోరు తెరవలేదు. తెల్లవారిన తరువాత, రక్తనాళంలోకి గొట్టం పంపి చూడబోతున్నారని తెలిసినప్పుడు, వదినగారే వరండాలోకి వెళ్ళి డాక్టరుగారితో చెప్పారు. ఆయన కోప్పడలేదు. "రాత్రే చెప్పి ఉంటే మాకు దారి తెలిసేదమ్మా" అన్నారు, అంతే. రక్తనాళం ఒకటి పూడుకొని ఉన్నది. దానికి స్టెంటు వేశారు. మధుమేహం, సిగరెట్టు కూడ ఉన్న మనిషి కనుక, నేరమంతా గంజాయిదే అనడం న్యాయం కాదు. అయితే ఆ రాత్రి ముల్లుగర్ర ఎవరి చేతిలో ఉన్నదో వైద్యుడికి తెలియవలసిన మాట.

మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేసేటప్పుడు ఈ విషయం మరింత ముఖ్యం. ప్రతి రోగినీ గంజాయి వాడకం గూర్చి అడగవలెనని, పీల్చిన రెండు గంటలలోపల అత్యవసరం కాని ఆపరేషను చేయరాదని అమెరికాలోని మత్తువైద్య నిపుణుల సంఘమొకటి 2023లో సూత్రాలు ప్రకటించింది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి గంజాయి ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చును. వైద్యుడు అడుగుతున్నది నేర విచారణ కాదు. చట్టానికి భయపడేవారు ఒకటి తెలుసుకోవాలి. 1985 చట్టంలోనే 64-ఎ అనే సెక్షను ఉన్నది. అలవాటుపడిన వ్యక్తి, కేవలం వాడకానికో, స్వల్ప పరిమాణానికో సంబంధించిన నేరమైతే, తనంత తాను ముందుకు వచ్చి గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్స పొందితే ప్రాసిక్యూషన్‌నుంచి రక్షణ పొందుతాడు. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చును. 14446 అనే నంబరుకు ఉచితంగా ఫోను చేస్తే వ్యసన విముక్తికి సలహా దొరుకుతుంది.

మరి నిద్ర రానివాడు ఏమి చేయాలి? మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పేదే వినిపిస్తాము. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటె ముందు అలవాట్ల చికిత్స చేయవలెనని 2016లో అమెరికా వైద్యుల కళాశాల సూచించింది. వినడానికి ఇది చప్పగా ఉంటుంది. రాత్రి ఎప్పుడు పడుకొన్నా ఉదయం ఒకే వేళకు లేవాలి. పక్క నిద్రకే గాని చదువుకు, ఫోనుకు, లెక్కలకు కాదు. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే, పక్కమీద కుస్తీ పట్టక లేచి మరొక గదిలో కూర్చోవాలి. కళ్ళు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. మొదటి పది రోజులు ప్రాణం విసుగుతుంది. తరువాత శరీరం పక్కకు, నిద్రకు ఉన్న పాత సంబంధాన్ని మళ్ళీ గుర్తుపడుతుంది. రాత్రి డ్యూటీలవారికి ఇది ఇంకా కష్టం. పగటి నిద్రకు చీకటి గది, వారం మధ్యలో మారని డ్యూటీలు కావాలి. ఇందులో రెండవది మనిషి చేతిలో లేదు. డ్యూటీ చార్టు వ్రాసేవారి చేతిలో ఉన్నది. ఆ చార్టులు వ్రాసిన పాపంలో మాకూ కొంత పాలున్నది.

అన్నగారు ఆస్పత్రినుంచి వచ్చాక గంజాయి మానివేశారు. మూడవ రోజునుంచి కలలు మొదలైనాయి. స్టూడియోలో ఎర్రదీపం వెలిగి ఉన్నదట, చేతిలో కాగితం ఉన్నదట, గొంతు పెగలడం లేదట. ఒక రాత్రి చిన్నప్పుడు పోయిన తల్లి వచ్చి, రేడియో చప్పుడు తగ్గించమన్నదట. అయిదు వారాలు ఇట్లా గడిచినాయి. అప్పటికి నిద్ర కొంత దారికి వచ్చింది, కలలూ నెమ్మదించినాయి.

ఇప్పుడాయన పదవీ విరమణ చేసి ఇంటివద్దనే ఉన్నారు. రాత్రి మూడవ ప్రసారం ముగిసేదాకా విని, తప్పులేవైనా దొర్లితే మరునాడు ఫోను చేసి చెబుతారు. ఒక్కొక్కనాడు తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వస్తుందట. అప్పుడు లేచి వీధి అరుగుమీద కూర్చుంటారట, పాలవాడు వచ్చేదాకా.